పాత బండికి మూడు పరీక్షలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ఎవరో దయదలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ ఆనాడు స్థిరపడింది. ఆ విషయం మీద నాకంటె బాగా మాట్లాడగల పెద్దలు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నాకు మాత్రం వేరే పని అప్పజెప్పారు. "ఇంటి దగ్గర పాత డీజిల్ పికప్ బాగు చేశారట గదా, దాని సంగతి చెప్పండి. డి.ఏ. లెక్కలు, ఈపీఎస్ లెక్కలు విని విని మనవాళ్లు అలసిపోయారు" అన్నారు. వారి ఆజ్ఞ ప్రకారం ఈ అరగంట మీ ముందుంచుతున్నాను.

నన్నెరుగని వారికోసం ఒక్క మాట. నేను ఆర్టీసీ డిపోలో శ్రామిక్‌గా చేరి, మెకానిక్‌నై, మెకానికల్ ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేశాను. 1932లో నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆ చెట్టుకు కాసిన కాయలమే మనమంతా. డిపోలో మనకు నేర్పిన మొదటి పాఠం ఏమిటి? బండి రోడ్డు మీద ఆగిపోయాక బాగు చేసేవాడు మామూలు మెకానిక్, ఆగకుండా చూసేవాడు డిపో మెకానిక్. ఆ పాఠమే ఈ కథలో పనికి వచ్చింది.

బండి సంగతి

మా చెల్లెలి కాపురం శంషాబాద్ పక్క పల్లెలో. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కు మారాయి. అంతకుముందు ఆ చుట్టుపక్కలంతా మెట్ట చేలు, ద్రాక్ష తోటలు, కూరగాయల మళ్లు. ఇప్పుడు మా చెల్లెలి ఇంటి మీదుగా విమానం పోతుంటే మాట్లాడేవాళ్లు మాట మధ్యలో ఆపి, అది దాటాక మళ్లీ అందుకుంటారు. వాళ్లకు మిగిలిన రెండెకరాల్లో టమాట, ఆకుకూరలు, సీజనులో చామంతి పండిస్తారు.

మా బావగారు 1995లో టాటామొబైల్ పికప్ బండి కొన్నారు. చిన్న లారీలకు మన దేశంలో ఆ పదేళ్లు మంచి రోజులు. 1980లలో జపాన్ కంపెనీల సహకారంతో నాలుగు రకాల చిన్న లారీలు వచ్చాయి. డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, నాల్గవది మన జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్. వాటికి జవాబుగా అప్పటి టెల్కో కంపెనీ 1986లో టాటా 407ను, 1988లో టాటామొబైల్ పికప్‌ను దించింది. ఈ పికప్ ఆధారంగానే 1991లో సియెర్రా, 1992లో ఎస్టేట్ కార్లు వచ్చాయి. టెల్కో పేరు 2003లో టాటా మోటార్స్‌గా మారింది.

ఈ బండి ఇంజన్ 1948 సి.సి., నాలుగు సిలిండర్లు. టర్బో లేదు, కంప్యూటర్ లేదు. ఈ కాలపు బండికి స్కానర్ తగిలిస్తే రోగం పేరు తెర మీద పడుతుంది. దీనికి స్కానర్ తగిలించే చోటే లేదు. చెయ్యి, చెవి, ముక్కు, ఈ మూడే స్కానర్లు. అవి మన దగ్గర ఉన్నాయి. పెన్షన్‌లో కోత పడినా వాటిలో కోత పడలేదు.

పాతికేళ్లు ఆ బండి శంషాబాద్ నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు కూరగాయలు, పూలు మోసింది. పిల్లల పెళ్లిళ్లకు సామాను మోసింది. 2021లో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు మా బావగారు పోయారు. బండి ఇంటి ముందరి కానుగ చెట్టు కింద ఆగిపోయింది. మూడేళ్లు దాని మీద ఆకులు రాలాయి. తొట్టిలో కోళ్లు పొదిగాయి.

2024 జనవరిలో తుక్కు వ్యాపారి వచ్చి రూ.55,000/- ఇస్తానన్నాడు. మా చెల్లెలు నాకు ఫోను చేసింది. "అన్నా, మనిషి పోయిండు. గా బండి గూడ పోతే వాకిలి బోసిపోతదే. తుక్కుకియ్యబుద్ధి అయితలేదు" అన్నది. మా మేనల్లుడి లెక్క వేరు. అతను అప్పు చేసి కొన్న కారును విమానాశ్రయానికి క్యాబ్‌గా తిప్పుతున్నాడు. వాయిదాలు పోను చేతిలో మిగిలేది తక్కువ. "మామా, బండి లేస్తే మన కూరగాయలే గాక పక్కోళ్లవి గూడ మార్కెట్టుకు ఏసుకపోత. కొత్త పికప్ అంటే తొమ్మిది, పది లక్షలు. నాతోని గాదు" అన్నాడు.

ఆలోచించండి. తల్లికి ఆ బండి జ్ఞాపకం, కొడుకుకు జీవనోపాధి. నాకు మాత్రం అది తెల్లవారుజామున మూడింటికి బెంగుళూరు హైవే మీద, వెనుక లారీలు తరుముకొస్తుండగా, టన్ను బరువుతో మా మేనల్లుడు తోలబోయే 29 ఏళ్ల ఇనుము. బ్రేకు పట్టకపోతే పోయేది బండి కాదు, పిల్లవాడు.

అందుకని పనిలో దిగకముందే మూడు షరతులు పెట్టాను. ఒకటి, చాసిస్ గట్టిగా ఉండాలి. రెండు, బ్రేకులు కొత్త బండితో సమానంగా పట్టాలి. మూడు, పొగ చట్టం చెప్పిన హద్దులో ఉండాలి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా బండి తుక్కుకే. ఎంత ఖర్చు పెట్టి ఉన్నా సరే, మధ్యలో ఆపేస్తాం. ఈ మాటలు రెండు వందల పేజీల నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, నేను సంతకం చేసి, మేనల్లుడి చేత చేయించాను. మా చెల్లెలు చదివించుకుని విన్నది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా కొడుకు పానం కన్న బండి ఎక్కువ గాదన్నా. నువ్వు వద్దంటే నేనే తోలిస్త తుక్కుకు" అన్నది. ఆ మాటతో నా భారం సగం తగ్గింది.

ముందు కాగితాలు

పాన చేతపట్టక ముందు కాగితాలు చూశాము. ఇది అందరికీ పనికొచ్చే విషయం గనుక కొంచెం వివరిస్తాను.

బండి యజమాని మరణిస్తే వారసులు 30 రోజులలో రవాణా అధికారికి తెలియపరచాలి. మూడు నెలలలో ఫారం 31 మీద పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఇవి ఎవరికి గుర్తుంటాయి? అందుకే 2021 నుంచి ఆర్.సి.లో నామినీ పేరు ముందుగానే రాయించుకునే వీలు కల్పించారు. మీలో ఎంతమంది స్కూటరుకు, కారుకు నామినీ రాయించారో చేతులెత్తమంటే సభ మౌనంగా ఉంటుందని నాకు తెలుసు. వచ్చే వారం ఆ పని చేయించుకోండి.

రెండోది ఫిట్‌నెస్. సరుకు బండి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకొకసారి, ఆ తర్వాత ఏటేటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి. అది లేకపోతే రిజిస్ట్రేషనే చెల్లనట్టు లెక్క. మనం ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి "బతికే ఉన్నాను మహాప్రభో" అని చెప్పుకోవడం లేదా, అలాంటిదే ఇది. 2014 నవంబరు నుంచి మనకు జీవన్ ప్రమాణ్ వచ్చింది. వేలిముద్రతో పని అయిపోతుంది. బండికి వేలు లేదు గనుక బ్రేకులు చూపించాలి.

పదిహేనేళ్లు దాటిన బండ్ల ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగాయి. తర్వాత కూడా మారుతూ వస్తున్నాయి. గడువు దాటిన రోజులకు అదనపు రుసుము కూడా ఉంటుంది. కాబట్టి పాత బండి బాగు చేయించదలచినవారు ఇంజన్ ఖర్చు కంటె ముందు ఆర్టీఏ ఆఫీసులో కట్టవలసిన మొత్తం ఎంతో కనుక్కోవాలి. మేము అలాగే కనుక్కుని, మేనల్లుడు భరించగలనన్నాకనే చెయ్యి పెట్టాము.

కొందరు నన్ను, "వింటేజ్ బండిగా రాయించరాదా" అని అడిగారు. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే 50 ఏళ్లు దాటి ఉండాలి. వ్యాపారానికి వాడకూడదు. మా బండికి ఇంకా ఆ వయసు రాలేదు, వచ్చినా టమాటాలు మోయక తప్పదు.

మొదటి పరీక్ష: చాసిస్

పాత బండి అనగానే అందరూ బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు. నేను బండి కింద దూరాను. ఇంజన్ ఎంత పాడైనా మార్చుకోవచ్చు. వెన్నెముక విరిగిన తర్వాత గుండె బాగున్నా ఏం లాభం?

కూరగాయల బండికి ఒక ప్రత్యేకమైన జబ్బు ఉంటుంది. తడిపిన ఆకుకూరల నీళ్లు రోజూ తొట్టిలోంచి కారి చాసిస్ మీద పడతాయి. చక్రాలు ఎగజిమ్మిన మట్టి లోపలి మూలల్లో పేరుకుంటుంది. ఆ మట్టి వేసవిలో కూడా లోపల తేమను పట్టి ఉంచుతుంది. అక్కడే తుప్పు పుడుతుంది. పైకి రంగు బాగానే కనిపిస్తుంది.

తొట్టిని నలుగురం కలిసి దించాము. చాసిస్‌ను నీళ్లతో కడిగి, ఆరబెట్టి, చిన్న సుత్తితో అడుగడుగునా కొట్టుకుంటూ వచ్చాను. మంచి ఇనుము ఖంగుమంటుంది, తిన్నది బొదబొదమంటుంది. ముందు భాగం, మధ్య భాగం, అడ్డ కమ్మీలు ఖంగుమన్నాయి. వెనుక ఎడమ వైపు కమాన్ పట్టీలు తగిలించే బ్రాకెట్ దగ్గర శబ్దం మారింది. మొనతేలిన సువ్వతో పొడిస్తే అర అంగుళం దిగింది. అరచెయ్యంత మేర రేకులు రేకులుగా ఊడింది.

మేనల్లుడు నా ముఖం చూశాడు. నేను ఆ రోజు ఏమీ చెప్పలేదు. రెండవ రోజు మళ్లీ అంగుళం అంగుళం కొలిచి, తుప్పు ఆ ఒక్క చోటే ఉందనీ, చుట్టూ ఉన్న లోహం పూర్తి మందంతో ఉందనీ తేలాక, బాగు చేయవచ్చని చెప్పాను. స్టీరింగ్ బిగించే చోటో, రెండు వైపులానో తిని ఉంటే ఆ రోజే పని ఆపేసేవాణ్ణి.

కాటేదాన్‌లో లారీ చాసిస్ పని చేసే అనుభవజ్ఞుడైన వెల్డరును తెచ్చాము. ఇక్కడ మూడు జాగ్రత్తలు గమనించండి. తుప్పు మీద పట్టీ వేయడం అంటే పుచ్చిన పన్ను మీద బంగారం తొడగడమే, చెడినదంతా కోసి తీసేయాలి. పట్టీ చివరలు నిలువుగా కాకుండా ఏటవాలుగా కోయాలి, లేకుంటే వెల్డింగ్ గీత పొడవునా చాసిస్ చీలుతుంది. 7018 రకం రాడ్డును బాగా ఆరబెట్టి వాడాలి. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, డీజిల్ ట్యాంకు దూరంగా పెట్టడం చెప్పనక్కరలేదు. రూపం, కొలత మారలేదు గనుక ఇది చట్టం నిషేధించిన మార్పు కాదు, మరమ్మతే.

రెండవ పరీక్ష: బ్రేకులు

మూడేళ్లు ఆగిన బండిలో బ్రేకులను అసలు నమ్మకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ సిలిండర్ల లోపలి గోడలను తింటుంది. పెడల్ తొక్కితే మొదటి రోజు గట్టిగానే ఉంటుంది. ఘాటు దిగేటప్పుడు వేడెక్కి, ఆ నీరు ఆవిరై, పెడల్ నేలకు అంటుకుంటుంది.

అందుకని మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు అన్నీ కొత్తవి వేశాము. రాణీగంజ్‌లో సామాను కొన్నాము. ఒక దుకాణంలో ప్రముఖ కంపెనీ పేరుతో ఉన్న డబ్బాలో నకిలీ కిట్టు చూపించారు. ధర మూడో వంతు. కప్పు రబ్బరును గోరుతో గీస్తే పొడి రాలింది. నమస్కారం పెట్టి బయటికి వచ్చాము. పెన్షనరు దగ్గర డబ్బు తక్కువ ఉండవచ్చు గాని సమయం బోలెడు ఉంటుంది. నాలుగు దుకాణాలు తిరిగితే అసలు సరుకు దొరికింది.

పాత డ్రమ్ములు విప్పేటప్పుడు ఒక హెచ్చరిక. పాత కాలపు బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. డిపోల్లో మనం ఆ దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టేవాళ్లం. ఆ రోజుల్లో ఎవరూ వద్దనలేదు. అది ఊపిరితిత్తులకు పట్టే విషం. ఇప్పుడు నీళ్లతో తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేశాము. ముక్కుకు మాస్కు కట్టుకున్నాము. కరోనా పుణ్యమా అని మాస్కులకు కొదవ లేదు.

పని పూర్తయ్యాక ఊరి బయట మట్టి బాట మీద, ఖాళీ బండితో మొదట, ఇసుక సంచులు వేసి తర్వాత, పదే పదే ఆపి చూశాము. నాలుగు చక్రాల గుర్తులూ నేల మీద సమానంగా పడేదాకా సర్దాము. నాలుగో రోజుకు సరిపోయింది.

మూడవ పరీక్ష: పొగ

ఇంజన్ విషయానికి వస్తే, అందరూ చేసే పని బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం. ఆగి ఉన్న ఇంజన్‌కు అది గండం. సిలిండర్లలో నూనె ఆరిపోయి ఉంటుంది, రింగులు తుప్పుతో అంటుకుని ఉంటాయి. మేము నాజిల్స్ విప్పి, ఒక్కొక్క సిలిండర్‌లో కాసింత ఇంజన్ ఆయిల్ పోసి, వారం రోజులు వదిలేశాము. తర్వాత పెద్ద పానతో క్రాంక్ పుల్లీని చేత్తో తిప్పాము. మొదట మొరాయించింది. ముందుకూ వెనుకకూ కొద్ది కొద్దిగా ఆడిస్తే ఒక పూట తర్వాత పూర్తి చుట్టు తిరిగింది. ఆ రోజు మా చెల్లెలు అందరికీ పాయసం పెట్టింది.

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదని మీకందరికీ తెలుసు. గాలిని ఇరవై వంతులకు ఒక వంతుగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ మండుతుంది. కాబట్టి కంప్రెషన్ లేకపోతే డీజిల్ ఇంజన్ లేదు. గేజీ పెట్టి చూస్తే మూడు సిలిండర్లు దగ్గర దగ్గరగా చూపాయి. మూడవ సిలిండర్ మాత్రం చాలా తగ్గింది. హెడ్ విప్పితే వాల్వు సీటు కాలి ఉంది. హెడ్డును లేత్ వర్క్‌షాపులో సరిచేయించి, వాల్వులు రుబ్బి, రింగులు, గ్యాస్కెట్లు కొత్తవి వేశాము.

డీజిల్ ట్యాంకులోంచి నల్లటి జావ లాంటిది వచ్చింది. డీజిల్‌లో నీరు చేరితే ఆ రెండింటి మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, అదే ఆ జావ. ట్యాంకు కడిగించి, పైపులు మార్చాము. పంపును కాలిబ్రేషన్ చేసేవారి దగ్గరికి పంపి రబ్బరు సీళ్లు మార్పించాము. ఈ బండి పుట్టిన నాటి డీజిల్‌లో గంధకం శాతాల్లో ఉండేది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్–6 డీజిల్‌లో అది పది లక్షల వంతుల్లో పది వంతులే. కొత్త డీజిల్‌కు పాత రబ్బరు సీళ్లు కుంచించుకుని కారడం తరచు చూస్తాము. కొందరు పాత అలవాటు కొద్దీ కిరోసిన్ కలుపుతారు. పంపుకు డీజిలే నూనె. కిరోసిన్ కలిపితే ఆ జిడ్డు పోయి పంపు అరుగుతుంది. దయచేసి అలా చేయకండి.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి పీల్చే గొట్టం దగ్గర ఒక మనిషిని చెక్క పలకతో నిలబెట్టాను. పంపు ఇరుక్కుని డీజిల్ ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తితే తాళంచెవి తిప్పినా ఆగదు. గాలి మూసేయడమొక్కటే మార్గం. పలకతో పని పడలేదు గాని పలక లేకుండా నేనైతే స్టార్ట్ చేయను.

హీటర్ ప్లగ్గులు వేడెక్కాక ఇంజన్ అందుకుంది. వాకిలంతా తెల్లటి పొగ, వేడెక్కాక తగ్గింది. ఇక్కడ పొగ భాష చెప్పాలి. చల్లటి ఇంజన్‌లో తెల్ల పొగ అంటే డీజిల్ సరిగా మండలేదని. వేడెక్కినా పోకపోతే కంప్రెషన్ తక్కువనో, నీరు చేరిందనో అర్థం. నీలి పొగ అంటే ఇంజన్ ఆయిల్ మండుతున్నదని. నల్ల పొగ అంటే డీజిల్ ఎక్కువ, గాలి తక్కువ అని.

ఇంకో ముచ్చట. నాతో పాటు పనిచేసిన మిత్రులు ముగ్గురు వారానికి రెండు రోజులు వచ్చేవారు. ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు టింకర్. మూడవ ఆయన మెకానిక్, ఇప్పుడు చేతులు వణుకుతాయి, పాన పట్టుకోలేరు. వచ్చి కుర్చీలో కూర్చునేవారు. ఇంజన్ నడుస్తుండగా ఆయన ఒకరోజు చెయ్యి ఎత్తి, "ఆగండి" అన్నారు. పైన విమానం పోతున్నది. అది దాటాక మళ్లీ విని, "మూడో సిలిండర్ ట్యాపెట్ వదులుగా ఉంది" అన్నారు. కొలిచి చూస్తే అక్షరాలా అంతే. నాకు వినపడలేదు, ఆయనకు వినపడింది. చేతులు రిటైరయ్యాయి గాని చెవి ఇంకా డ్యూటీలోనే ఉంది. ఆయన కోడలు తర్వాత ఫోను చేసి, "మామయ్య ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారండీ" అని చెప్పింది.

పొగ పరీక్షకు మొదటిసారి వెళ్లినప్పుడు 72 యూనిట్లు వచ్చింది. ఇలాంటి పాత బండ్లకు హద్దు 65. మేనల్లుడు అప్పటికి లక్షన్నర ఖర్చు పెట్టి ఉన్నాడు. "మామా, ఏడు యూనిట్లే గదా, ఎవరినన్న అడుగుదమా" అన్నాడు. నేను నోటుబుక్కు మొదటి పేజీ తీసి చూపించాను. కష్టంలో ఉన్న పిల్లవాడి మీద అలా పట్టుబట్టడం నాకు సులభం కాలేదు. కాని డీజిల్ పొగ క్యాన్సరు కారకమని 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చి చెప్పింది. ఆ పొగ ముందు పీల్చేది తోలేవాడే, ఆ తర్వాత వాకిట్లో ఆడుకునే అతని బిడ్డ.

ఇంటికి వచ్చి వెతికాము. కొత్తగా వేసిన నాజిల్స్‌లో ఒకటి పొగమంచులా చిమ్మక చుక్కలుగా కారుతున్నది. అది మార్చాము. గాలి ఫిల్టరు గొట్టంలో చుట్టూ మడత పడి సగం మూసుకుపోయి ఉంది. అది సరిచేశాము. రెండవసారి 46 వచ్చింది. 2025 ఫిబ్రవరిలో బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు చేతికి వచ్చింది. అమ్మపల్లి రామచంద్రస్వామి గుడి ముందు కొబ్బరికాయ కొట్టించి మొదటి లోడు పంపాము.

లెక్కలు

లెక్క చెప్పకపోతే మన సంఘం ఒప్పుకోదు. చాసిస్ పని రూ.14,000/-, బ్రేకులు రూ.21,500/-, ఇంజన్ రూ.48,000/-, పంపు, నాజిల్స్ రూ.19,000/-, ఐదు టైర్లు రూ.27,500/-, బ్యాటరీ, వైరింగు రూ.13,000/-, తొట్టి, డెంటింగ్, పెయింటింగ్ రూ.24,000/-. మొత్తం రూ.1,67,000/-. ఆర్టీఏ ఫీజులు, బీమా వేరు. పట్టిన కాలం పదమూడు నెలలు. మా నలుగురి కూలి కలిపితే లెక్క మారిపోతుంది. మాకు టీ, మధ్యాహ్నం జొన్నరొట్టె, ఆకుకూర పప్పు ముట్టాయి. మేము ఫిర్యాదు చేయడం లేదు.

నిజం చెప్పాలంటే ప్రతి పాత బండికీ ఈ పని చేయమని నేను సలహా ఇవ్వను. చాసిస్ పోయిన బండిని, సామాను దొరకని బండిని ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రానికి ఇచ్చి, డిపాజిట్ సర్టిఫికెట్టు తీసుకుని, రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవడమే మేలు. గల్లీ తుక్కు వ్యాపారికి అమ్మితే బండి పోతుంది గాని మీ పేరు మీది ఆర్.సి. బతికే ఉంటుంది. రేపు దాని నంబరుతో ఏం జరిగినా పోలీసు మీ గుమ్మంలోకి వస్తాడు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు నడపరాదని 2015లోనే హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. రేపు మన దగ్గరా హద్దులు బిగుసుకోవచ్చు. మేనల్లుడికి అదే చెప్పాను. "ఈ బండి నీకు నాలుగైదేళ్లు అన్నం పెడుతుంది. ఆలోగా కొత్త బండికి డబ్బు కూడబెట్టుకో" అని. నెలనెలా పోస్టాఫీసులో వేస్తున్నాడు. పాసుబుక్కు నేను చూస్తూనే ఉన్నాను.

బండి వాడకానికి కూడా నియమం పెట్టుకున్నాము. వేగం యాభై దాటరాదు. తొట్టి గీత దాటి లోడు వేయరాదు. ఆరాంఘర్ మీదుగా ఎక్స్‌ప్రెస్‌వే కింది దారినే వెళ్లాలి. ప్రతి ఆదివారం నేను బ్రేక్ ఆయిల్, కమాన్లు, టైర్లు చూసి నోటుబుక్కులో రాస్తాను. మన డిపో అలవాటే. రోజు పని రోజు, వారం పని వారం.

ఇంట్లో ఇలాంటి పని పెట్టుకునే పెన్షనర్లకు నాలుగు మాటలు. జాకీ మీద ఉన్న బండి కింద ఎన్నడూ దూరవద్దు, స్టాండ్లు పెట్టండి. గేర్‌బాక్సు, హెడ్డు లాంటి బరువులు ఒంటరిగా దించవద్దు, మన నడుము 1995 మోడలు కంటె పాతది. నాజిల్ పరీక్షించేటప్పుడు చిమ్మే డీజిల్ చర్మంలోకి సూదిలా దిగుతుంది, చెయ్యి అడ్డం పెట్టవద్దు. బీపీ, షుగరు మాత్రలు వేసుకునే వేళకు పని ఆపి లోపలికి వెళ్లండి, బండి ఎక్కడికీ పోదు.

మిత్రులారా, పాతదాని విషయంలో రెండు రకాల మనుషులను చూశాను. పాతది గనుక పారేయాలనేవారు ఒకరు, పాతది గనుక దండ వేసి దణ్ణం పెట్టాలనేవారు ఒకరు. ఇద్దరూ దాన్ని పరీక్షించి చూడరు. ఎక్కడ గట్టిగా ఉంది, ఎక్కడ తిన్నది, దేన్ని మార్చాలి, ఎంత బరువు వేయాలి, ఇవన్నీ ఓపికగా చూస్తే తప్ప పాతదానికి న్యాయం జరగదు. మనల్ని గురించి మన పిల్లలు, ప్రభుత్వాలు కూడా ఆ మాత్రం ఓపిక చూపితే చాలని నా కోరిక.

ఆదివారం ఉదయం పది గంటల నుంచి నేను మా చెల్లెలి ఇంటి వద్దనే ఉంటాను. పని నేర్చుకోవాలనుకునే మీ మనవలను, ఇంట్లో ఊరికే కూర్చుని విసుగెత్తిన మీ మిత్రులను పంపండి. పాన పట్టలేనివారు కూడా రావచ్చు, కుర్చీ వేస్తాము. కార్యదర్శిగారి దగ్గర ఆర్.సి. నామినీ దరఖాస్తు నమూనాలు ఉంచాను. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకువెళ్లండి.